గడప దగ్గర ఆగిపోయే ఆతిథ్యం

2017 అక్టోబరులో ఒక సదస్సులో పత్రం సమర్పించేందుకు డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరానికి వెళ్ళాను. నిర్వాహకులు ఇచ్చిన వసతి సదస్సు ముగిసిన రోజుతో సరి. ఆ తర్వాత రెండు రాత్రులు అదే నగరంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి ఇంట్లో ఉన్నాను. ఆమె నాకు బంధువు కాదు, సహోద్యోగి కాదు, అంతకు ముందు ఒక్కసారైనా చూసిన మనిషి కాదు. నేను చేరే వేళకు తాను ఇంట్లో ఉండనని, తాళంచెవి వాకిట్లోని పూలకుండీ కింద పెట్టానని, పొయ్యి మీద సూపు ఉందని, ఆకలైతే తన కోసం ఆగవద్దని ముందే మెయిల్ రాసింది. కుండీ జరిపి తాళంచెవి తీసుకున్నాను గానీ, తలుపు తీయడానికి వెంటనే చేయి రాలేదు. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. మా వాడకు బయట, నా పుట్టుక ఏమిటో ముందు తేల్చుకోకుండా తన ఇంట్లో పడుకోమన్న వాళ్ళు అప్పటిదాకా నాకు ఇద్దరో ముగ్గురో మాత్రమే తారసపడ్డారు.

అతిథిని దేవుడితో పోల్చిన సంస్కృతి మనదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పర్యాటక శాఖల ప్రకటనలూ చెబుతాయి. ఆ మాటను కాదనే ఉద్దేశం నాకు లేదు. అతిథి అనే మాటలోకి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నదే నా ప్రశ్న. డెన్మార్క్‌లో ఒక పూలకుండీ, ఇంకొక యూరప్ నగరంలో ఒక తెలుగు ఇల్లు, పోచంపాడ్ దగ్గర మా సొంత ఊళ్ళో ఒక గడప కలిసి ఈ ప్రశ్నను నా ముందుకు తెచ్చాయి.

ముందుగా ఆ తాళంచెవి నా దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించి జైలుకు వెళ్ళిన బాబ్ లూట్‌వైలర్ అనే అమెరికన్, 1949లో డెన్మార్క్‌లో కొందరు మిత్రులతో కలిసి ఒక ఆతిథ్య వలయాన్ని ప్రారంభించాడు. దేశాల మధ్య శాంతి కావాలంటే సామాన్యులు ఒకరి ఇంట్లో ఒకరు ఉండాలి, ఒకే బల్ల దగ్గర తినాలి, మాట్లాడుకోవాలి అన్నది వాళ్ళ ఆలోచన. అదే క్రమంగా సెర్వాస్ అయింది. ఎస్పెరాంటో భాషలో ఆ మాటకు సేవ చేయడం అని అర్థం. అందులో చేరాలంటే స్థానిక బాధ్యులు మనల్ని పిలిచి మాట్లాడతారు. ఎందుకు ప్రయాణిస్తున్నావు, నీ ప్రాంతం గురించి ఏం చెప్పగలవు, పరాయి ఇంటి పద్ధతులకు సర్దుకోగలవా అని తెలుసుకుంటారు. నమ్మకం కుదిరితే ఒక పరిచయ పత్రం ఇస్తారు. సాధారణంగా బస రెండు రాత్రులు. డబ్బు ప్రసక్తి ఉండదు. ఇష్టం లేకపోతే, వీలు కాకపోతే ఆతిథేయి కాదనవచ్చు. 2004లో ఇంటర్నెట్ మీద మొదలైన కౌచ్‌సర్ఫింగ్ ఇదే భావాన్ని కోట్ల మంది ముందుకు తెచ్చింది. 2011లో అది లాభాపేక్ష గల కంపెనీగా మారింది. 2020లో సభ్యత్వానికి రుసుము పెట్టింది. అయినా ఈ వలయాలన్నింటికీ మూలసూత్రం ఒకటే. అపరిచితుణ్ణి నమ్మడానికి రక్త సంబంధం గానీ, పుట్టుక గానీ అక్కర్లేదు. ఒక పత్రం, ఒక సంభాషణ చాలు.

నా పరిచయ పత్రంలో పేరు, వృత్తి, వచ్చిన భాషలు, ప్రయాణ ఉద్దేశం ఉన్నాయి. ఆమెకు అవి చాలాయి. రాత్రి ఇంటికి వచ్చాక ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న, 'మీ ఊరికి నది ఎంత దూరం?' అని. గోదావరి మా ఊరిని మింగిన నది అని చెప్పాను. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడ్ ప్రాజెక్టు, నేటి శ్రీరాంసాగర్, మా తాతల ఊరిని నీటి అడుగున పెట్టింది. కాకతీయ కాలువ ఆ నీటిని వందల కిలోమీటర్ల దూరానికి మోసుకుపోతుంది. పాత ఊరు మునిగింది గానీ పాత ఊరి పటం మునగలేదు. కొత్త ఊరికి ఖాళీ జాగాలో ముగ్గు పోసిన నాడు కూడా వాడను విడిగానే గీశారని మా తాత చెప్పేవాడు. ఇక్కడ ఆమె నన్ను ఆపింది. 'ఖాళీ జాగాలో కూడానా? ఎందుకు?' అంది. ఏళ్ళుగా కులం మీద పాఠాలు చెబుతున్న నేను ఆ చిన్న ప్రశ్నకు జవాబు కోసం చాలాసేపు తడుముకున్నాను.

నిజానికి జవాబు నాకు 1996లోనే దొరికింది. ఇంటర్ దాకా సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉన్నాను. డిగ్రీకి నిజామాబాద్ వచ్చినప్పుడు హాస్టల్లో సీటు దొరకలేదు. అద్దె గది కోసం సైకిలు మీద నాలుగు రోజులు తిరిగాను. అద్దెకు ఇవ్వబడును అని బోర్డు ఉన్న ఇళ్ళ ముందు మర్యాదకు లోటు లేదు. నీళ్ళు కావాలా అని అడిగిన వాళ్ళున్నారు. తర్వాత వచ్చే ప్రశ్న మాత్రం అన్ని ఇళ్ళలోనూ ఒకటే. 'మీరేమోళ్ళు బిడ్డా?' చెప్పగానే గది నిన్ననే ఎవరికో మాటిచ్చినట్టు గుర్తుకొచ్చేది. ఏడో ఇంటి దగ్గర అబద్ధం చెప్పాను. ఇంటిపేరు అడిగేసరికి ఆ అబద్ధం నిలవలేదు. చివరికి ఒక సైకిలు షాపు ముస్లిం పెద్దమనిషి తన ఇంటి వెనక రేకుల గది ఇచ్చాడు. ఆయన అడిగింది రెండే. కిరాయి ఏ తారీఖున ఇస్తావు, రాత్రి ఎంత దాకా లైటు వేస్తావు. ఆ రేకుల కింద మూడేళ్ళు చదివాను.

అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివిన విద్యార్థులకు ఈ కథ కొత్తది కాదు. కొలంబియాలో చదివి, లండన్‌లోనూ కొంతకాలం ఉండి వచ్చి బరోడా కొలువులో చేరిన ఆ యువకుడికి ఊరంతటిలో ఉండే చోటు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో తలదాచుకున్నాడు. సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు ఆయనను ఖాళీ చేయించింది. ఒక హిందూ మిత్రుడిని, ఒక క్రైస్తవ మిత్రుడిని అడిగాడు. ఇద్దరికీ ఇంట్లో ఇబ్బందులే అడ్డొచ్చాయి. రైలు వేళ దాకా ఒక పార్కులో కూర్చుని బొంబాయి వెళ్ళిపోయాడు. అదే పుస్తకంలో 1934 నాటి దౌలతాబాద్ ఘటన ఉంది. మనం కూడా అప్పుడు భాగమైన నిజాం సంస్థానంలో, కోట వాకిలి దగ్గరి నీళ్ళతో కాళ్ళూ ముఖాలూ కడుక్కున్నందుకు అంబేద్కర్ బృందాన్ని ముస్లింలు చుట్టుముట్టారు. అంటరానితనం ఒక్క మతం గోడ మధ్యే ఆగదన్నది ఆయన అక్కడ చెప్పిన విషయం. నాకు ఆసరా ఇచ్చిన సైకిలు షాపు పెద్దమనిషిని తలచుకున్నప్పుడు ఈ పేజీలను కూడా నేను తలచుకుంటాను. ఆయన మంచితనం ఆయనది. దాన్ని ఒక మతానికి ధ్రువపత్రంగా రాయలేను.

అదే జాగ్రత్త డెన్మార్క్ విషయంలోనూ అవసరం. నాకు తాళంచెవి ఇచ్చిన దేశమే మరుసటి ఏడాది, 2018లో, కొన్ని నివాస ప్రాంతాలను 'ఘెట్టో'లుగా గుర్తించి ప్రత్యేక చట్టాలు చేసింది. ఆ గుర్తింపుకు పెట్టిన కొలతల్లో అక్కడ 'పాశ్చాత్యేతర' మూలాల వాళ్ళు ఎంత శాతం ఉన్నారన్నది కూడా ఒకటి. అమెరికాలో హార్లెమ్‌కు చెందిన తపాలా ఉద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్ 1936 నుంచి ప్రచురించిన 'గ్రీన్ బుక్' నల్లజాతి ప్రయాణికులకు ఏ ఊళ్ళో ఏ హోటల్, ఏ ఇల్లు తలుపు తెరుస్తుందో చెప్పే పుస్తకం. అదీ ఒక ఆతిథ్య వలయమే. కాకపోతే మూసిన తలుపుల నుంచి పుట్టిన వలయం. డబ్బు తీసుకుని గదులిచ్చే ఎయిర్‌బీఎన్‌బీ మీద 2017లో అచ్చయిన ఒక ప్రసిద్ధ పరిశోధన, నల్లజాతి పేర్లుగా స్ఫురించే అతిథులకు ఆమోదం దొరికే అవకాశం శ్వేతజాతి పేర్ల వాళ్ళ కంటే 16 శాతం తక్కువని తేల్చింది. కాబట్టి పడమటి గడపలన్నీ తెరిచి ఉన్నాయని నేను చెప్పడం లేదు. అక్కడ ఆ వివక్షను లెక్కగట్టారు, ఆ లెక్క చూపి కంపెనీని నిలదీశారు. మన దగ్గర 2015లో సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ళ మీద ఇలాంటి పరిశోధనే చేసి, దళితులకూ అంతకంటే ఎక్కువగా ముస్లింలకూ తలుపులు మూసుకుంటున్నాయని చూపింది. ఆ తర్వాత ఏ ఇంటి బోర్డూ మారలేదు.

ఇక తెలుగు ఇల్లు. అదే ప్రయాణంలో తిరుగు విమానానికి ముందు మరో నగరంలో రెండు రోజులు ఖాళీ దొరికింది. ఆతిథ్య వెబ్‌సైటులో వెతికితే ఒక తెలుగు కుటుంబం కనిపించింది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. తెలుగువాడినని తెలిసి స్టేషనుకు కారు తీసుకుని వచ్చారు. నెల రోజుల తర్వాత పప్పు, ఆవకాయ, వేడి అన్నం. స్టీలు పళ్ళెంలో వడ్డించారు. మాటల్లో ఊరు అడిగారు. నిజామాబాద్ జిల్లా అన్నాను. బోధన్ వైపు క్యాంపుల్లో తమ దూరపు బంధువులున్నారని ఆయన సంతోషించారు. నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల ఊళ్ళకు మా దగ్గర క్యాంపులనే పేరు. తర్వాత ఇంటిపేరు అడిగారు. చెప్పాను. ఒక క్షణం ఆగి, 'ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?' అన్నారు. నేను జవాబు చెప్పాను. సంభాషణ వాతావరణం మీదికి మళ్ళింది.

మర్నాడు ఉదయం ఇడ్లీలు కాగితపు పళ్ళెంలో వచ్చాయి. వాళ్ళు తింటున్నది స్టీలు పళ్ళేల్లో. రెండో రాత్రికి అనుకోకుండా చుట్టాలు వస్తున్నారని, దగ్గర్లోనే మంచి హోటల్ ఉందని ఆమె ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది.

దీన్ని నేను రుజువు చేయలేను. ఆ ఇంట్లో పళ్ళేలు రాత్రివి అలాగే కడగకుండా ఉండిపోయి ఉండవచ్చు. చుట్టాలు నిజంగానే వచ్చి ఉండవచ్చు. వాళ్ళు దయ గల మనుషులే. నన్ను హోటల్ దాకా కారులో దింపారు కూడా. హోటల్ గదిలో ఆ రాత్రంతా నేను ఆ రెండు పళ్ళేలను తూకం వేస్తూ కూర్చున్నాను. కులం ఇవాళ చదువుకున్న ఇళ్ళలో చేసే పని ఇదే. అది ఆధారాలు వదలదు. అనుమానాన్ని మాత్రం మన సంచిలో వేసి పంపుతుంది. ఆ అనుమానాన్ని మోసే భారం ఎప్పుడూ ఒక వైపు వాళ్ళదే. అదే వలయం, అదే రెండు రాత్రుల నియమం, అదే పరిచయం. మారినది ఒక్కటే. ఇంటిపేరును చదవగలిగిన వాళ్ళు తలుపు వెనక ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులాన్ని వివక్షకు ఒక ప్రాతిపదికగా గుర్తించి నిషేధించినప్పుడు, అమెరికాలో కులమెక్కడిదని ఆశ్చర్యపోయిన తెలుగువారికి నా దగ్గర ఉన్న జవాబు ఈ కాగితపు పళ్ళెమే.

మా జిల్లాకు తనదైన ఆతిథ్య వలయం ఒకటుంది. గల్ఫ్ గది. దుబాయిలో, మస్కట్‌లో దిగిన కొత్త మనిషికి మొదటి రాత్రి ఊరోళ్ళ గదే దిక్కు. మా చిన్నాయిన పదకొండేళ్ళు దుబాయి క్యాంపులో ఉన్నాడు. ఆయన మంచం కింద, పై మంచం మా ఊరి పటేలు కొడుకుది. ఇద్దరూ ఒకే కుండలో వండుకుని తిన్నారు. ఒకరికి జ్వరం వస్తే ఒకరు గంజి కాచారు. ఇద్దరూ సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు చిన్నాయిన అతని ఇంటికి పోయి అరుగు దగ్గరే నిలబడి మాట్లాడి వచ్చాడు. ఇదేమిటని నేను నిలదీస్తే, 'అక్కడి ముచ్చట అక్కడ్నే బిడ్డా' అన్నాడు. ఎడారిలో సాధ్యమైన సమానత్వాన్ని సామానులో పెట్టుకుని ఊరికి తెచ్చుకోలేకపోయారు ఇద్దరూ.

2019 జనవరిలో ఆర్హస్ ఉపాధ్యాయురాలు మన దేశం వచ్చింది. మా ఊళ్ళో మా ఇంట్లో రెండు రాత్రులు ఉంది. అమ్మ జొన్నరొట్టెలు చేసింది. నాయిన తెల్లవారుజామునే పోయి పోచంపాడ్ చేపలు తెచ్చాడు. విదేశీ మనిషి వచ్చిందని ఊరంతా తెలిసింది. మా వాడలోకి ఓట్ల వేళ తప్ప రాని వాళ్ళు ఆ సాయంత్రం మా ఇంటి ముందు గుమిగూడారు. ఊళ్ళో ఒక పెద్ద రైతు ఆమెను తన ఇంటికి చాయ్‌కి పిలిచాడు. నా వైపు తిరిగి, 'సారూ, మీరు గూడ రాండ్రి, ఆమె మాట మాకు సమజ్ గావాలె గద' అన్నాడు. వెళ్ళాం. నాయిన కూడా మా వెంట వచ్చాడు. అతిథిని చీకట్లో ఒంటరిగా పంపకూడదన్నది ఆయన మర్యాద.

ఆ ఇంటి అరుగు దగ్గర నాయిన ఆగిపోయాడు. ఎవరూ ఆగమనలేదు. ఎవరూ రమ్మనలేదు. డెబ్బై ఏళ్ళ శరీరానికి ఎక్కడ ఆగాలో తెలుసు. నేను సారును, దుభాషిని, గనుక గడప దాటాను. ఆమె లోపల కుర్చీలో కూర్చుని, చుట్టూ చూసి, 'మీ నాన్నగారు రాలేదేం?' అని అడిగింది. ఆ ఇంటి వాళ్ళందరూ ఆమె ఏమందో చెప్పమని నా ముఖం వైపు చూస్తున్నారు.

ఆమెకేమో నాన్నకు బయట ఏదో పని ఉందని ఇంగ్లీషులో చెప్పాను. వాళ్ళకేమో ఇల్లు బాగుందంటోందని తెలుగులో చెప్పాను. రెండూ అబద్ధాలే. విశ్వవిద్యాలయంలో ప్రతి ఏటా కొత్త విద్యార్థులకు కులం ఎలా పనిచేస్తుందో చెప్పే మనిషిని నేను. ఆ సాయంత్రం అది నా నాలుక మీదనే పనిచేసింది. నాయినను అవమానించింది ఆ ఇల్లు ఒక్కటే అనుకోలేను. గ్లాసు చేతిలో పట్టుకుని నేనూ అందులో పాలుపంచుకున్నాను.

ఎందుకు నిజం చెప్పలేదని విద్యార్థులు అడిగితే, నా ఒక్కడి పిరికితనంతో పాటు మరొకటి చెప్పాలి. మా వైపు ఊళ్ళలో ఒక మాట జారితే దాని ఖరీదు ఇంట్లో మిగిలిన వాళ్ళు కట్టాలి. ఆర్మూర్, బాల్కొండ, నిజామాబాద్ ప్రాంతాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు, అంటే వీడీసీలు, చట్టంతో పనిలేకుండా తీర్పులు చెప్పడం పత్రికా పాఠకులకు తెలిసిన సంగతే. అవి గుళ్ళు కట్టించాయి, వాటి చేతుల మీదుగా మంచి పనులూ జరిగాయి, కాదనను. అయితే మాట వినని కుటుంబం మీద, కొన్నిచోట్ల మొత్తం కులం మీద, సాంఘిక బహిష్కరణ విధించేదీ అవే. కిరాణా కొట్టు ఉప్పు అమ్మదు. ఆటో ఎక్కించుకోదు. కూలికి పిలవరు. వాళ్ళతో మాట్లాడిన వాళ్ళకు జరిమానా. ఆతిథ్యానికి పూర్తి వ్యతిరేక రూపం ఇది. మంచినీళ్ళ గ్లాసు కూడా ఇవ్వరాదని ఊరంతటికీ ఒక ఉత్తర్వు.

చట్టం ఎక్కడుంది? రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల దగ్గర వివక్షను నిషేధించింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను స్పష్టంగా నేరం చేసింది. కానీ మా జిల్లాలో బహిష్కరణకు గురవుతున్న వాళ్ళలో గీత కార్మికులు, చాకలివారు వంటి వెనుకబడిన కులాల వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఆ చట్టం వర్తించదు. మహారాష్ట్ర 2016లో శాసనం చేసి, 2017లో అమల్లోకి తెచ్చిన సాంఘిక బహిష్కరణ నిరోధక చట్టం కులంతో నిమిత్తం లేకుండా బాధితులందరికీ వర్తిస్తుంది. తెలంగాణకు అలాంటి చట్టం కావాలి. అద్దె ఇళ్ళ విషయంలో, బోర్డు పెట్టి బహిరంగంగా అద్దెకిచ్చే గదిని హోటల్ గదితో సమానంగా చూసే నిబంధన కావాలి. ఇంటి యజమాని హక్కు పేరుతో దీన్ని వ్యతిరేకించేవారు, ఒకనాడు హోటల్ యజమానులూ ఇదే హక్కు చెప్పారని గుర్తుంచుకోవాలి.

చట్టం గది ఇప్పించగలదు, వంటింట్లోకి తీసుకుపోలేదు. ఆ పని మనుషులు చేయాలి. అపరిచితులు ఒకరి ఇంట్లో ఒకరు పడుకుంటే యుద్ధాలు తగ్గుతాయని 1949లో కొందరు యువకులు నమ్మారు. మనకు అపరిచితులు సముద్రాల అవతల లేరు. ఊరికీ వాడకూ మధ్య ఉన్న నలభై అడుగుల బాట అవతల ఉన్నారు. విశ్వవిద్యాలయాల విద్యార్థులు, ముఖ్యంగా కుల నిర్మూలన గురించి రాసే, నినదించే విద్యార్థులు, ఈ సెలవుల్లో ఒక పని చేసి చూడండి. మీ హాస్టల్ గదిలో పక్క మంచం మీద పడుకునే వేరే కులం మిత్రుణ్ణి రెండు రాత్రులు మీ ఇంటికి తీసుకుపోండి. పట్నంలో ఉన్న మీ అన్న ఫ్లాటుకు కాదు, ఊళ్ళో మీ అమ్మ వంటింటికి. అతను ఎవరో ఇంట్లో ముందే చెప్పండి. ఏ పళ్ళెంలో పెట్టారో చూడండి. తర్వాత మీరు అతని ఇంటికి వెళ్ళండి. రెండో సగం చేయకుండా మొదటి సగం చేస్తే అది దయ అవుతుంది, ఆతిథ్యం కాదు.

ఆమె తిరిగి వెళ్ళాక నెలకు మెయిల్ రాసింది. నాయిన తెచ్చిన చేపల రుచి, అమ్మ నవ్వు గురించి రాసి, చివర ఆ సాయంత్రం మీ నాన్నగారి పని పూర్తయిందా అని అడిగింది. ఆమెకు అనుమానం వచ్చిందో, మామూలుగానే అడిగిందో తెలియదు. ఈసారి నేను జరిగింది జరిగినట్టు రాసి పంపాను. దాన్నే తెలుగులో మా ఊరి వాళ్ళ ముందు చెప్పడం ఇన్నేళ్ళూ బాకీ ఉండిపోయింది. వాళ్ళ ఇళ్ళకూ ఈ పత్రిక వస్తుంది.